సేమియా బొమ్మలో మా బావ

ఫంక్షన్ హాళ్లలో ప్లాస్టిక్ కుర్చీలకు బట్టలు తొడగడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మనిషి వాటిలో ఎప్పుడూ కూర్చుని ఉండడు. కింద నున్నటి ప్లాస్టిక్, పైన నున్నటి శాటిన్ గుడ్డ. రెంటికీ పడదు. మనం కూర్చోగానే గుడ్డ ముందుకు జారుతుంది, గుడ్డతోపాటు మనమూ జారుతాం. వెనక్కి జరిగి ఆనుకుందామంటే సరిగ్గా వీపు మధ్యలో పెద్ద పువ్వులాంటి ముడి గుచ్చుకుంటుంది. అక్షింతలు వేసే వేళకు జనంలో సగం మంది కుర్చీ అంచుకు వచ్చి, పరీక్ష ఫలితాలు వినబోతున్నట్టు కూర్చుని ఉంటారు. చీర కట్టడం వల్ల కుర్చీకి గౌరవం పెరిగిందేమో నాకు తెలియదు. కూర్చునేవాడికి మాత్రం పెరగలేదు.

ఈ ఫిర్యాదు నేను మొదటిసారి కోదాడలో, మా బావ వైపు చుట్టాల ఓణీల ఫంక్షన్‌లో చేశాను. వినడానికి పక్కన మా అక్క తప్ప ఎవరూ లేరు. మా బావ కూడా ఉండాలి గానీ ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనకు ఈ కుర్చీలతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆయన కూర్చోడు.

మా బావది కోదాడ. మాది సూర్యాపేట. ఆయన చాలా ఏళ్లుగా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తున్నాడు, అక్కతో కాపురమూ అక్కడే. మనిషి పొడుగు, సన్నం, నడక వేగం. ఆ రోజు కూడా స్టేజీ దగ్గర నుంచి భోజనాల హాలుకూ, అక్కడి నుంచి గేటుకూ తిరుగుతున్నాడు. వంటల దగ్గరి కబురు స్టేజీకి, స్టేజీ దగ్గరి కబురు గేటుకు చేరవేస్తున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. గారెలు వేడివేడిగా దిగుతున్నాయట అని మా దగ్గర ఆగకుండానే చెప్పి వెళ్లిపోయాడు.

అక్క ఆయన వెళ్లినవైపు చూసింది, తర్వాత నావైపు చూసింది. అప్పటికి నేను అదే మిల్లులో చేరి కొన్ని వారాలైంది. చేర్పించింది మా బావే. పనిలో వృథా ఎక్కడుందో కనిపెట్టి తీసేయడం నా ఉద్యోగం.

"తమ్మీ, నువ్వు జేసే పనితోని ఆయన నౌకరికి ఏం గాదు గద?" అంది.

నేను నవ్వాను. ట్రైనింగులో మాకు మొదటి గంటలోనే నేర్పిన మాట ఒకటుంది, దాన్నే మా యాసలోకి మార్చి చెప్పాను. "మనుషులను తీసేసుడు కాదక్కా. పనిల ఉన్న వేస్టును తీసేసుడు."

"గట్లనా," అంది. నమ్మిందో లేదో తెలియలేదు. మా అక్క ముఖం చూసి ఆ సంగతి చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. ఆయనకు ఈ పని తప్ప ఇంకోటి రాదని, ఈ వయసులో ఇంకో మిల్లువాడు పిలవడని, అది నాకూ తెలుసని మాత్రం అని, గారెలు చల్లారకముందే లేచింది. నేను కుర్చీలో ఇంకాస్త ముందుకు జారాను.

నేను ఎంబీయే చదివాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది ఇప్పటికీ మా అమ్మ ఒక్కతే. చదువయ్యాక మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేశాను. వాళ్లు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి లీన్ మేనేజ్‌మెంట్ నేర్పించారు. జపాన్‌లో కార్లు తయారుచేసేవాళ్లు పెంచి పెద్దచేసిన పద్ధతి. దాని సారం ఒక ముక్కలో చెప్పొచ్చు, వాళ్లు మాత్రం రోజుల తరబడి చెప్పారు. సరుకు కొనేవాడికి అక్కరకు రాని పని ఏదైనా వృథాయేనట. ఆ వృథా ఏడు రకాలు. అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడడం, సరుకును ఊరికే అటూ ఇటూ మోయడం, అక్కర్లేని మెరుగులు దిద్దడం, నిల్వలు పేర్చుకోవడం, మనిషి ఊరికే తిరగడం, తప్పు చేసి మళ్లీ చేయడం. జాబితా చూడగానే నాకు మా ఇల్లు, మా ఊరు, నా డిగ్రీ అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఈ చదువులో ఒక చిక్కుంది. ఒకసారి కంటికి అంటితే వదలదు. అప్పటిదాకా నేను మామూలు మనిషినే, లైన్లో నిలబడేవాణ్ని, కాళ్లు మాత్రం కొంచెం ఊపేవాణ్ని. ఆ తర్వాత ఎక్కడా నిలవలేకపోయాను. మందుల షాపులో కుర్రాడు ఒక్కో గోళీకి ఒక్కోసారి లోపలికి వెళ్లొస్తుంటే నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. టిఫిన్ సెంటర్‌లో టోకెన్ ఒక మూల, ఇడ్లీ ఇంకో మూల, చట్నీ మూడో మూల. ఎవరికీ ఏ బాధా లేదు, నాకు తప్ప. మునగాల దగ్గర హైవే మీద ఒక దాబాలో రొట్టె పొయ్యి దగ్గర నుంచి క్యాష్ కౌంటర్ వెనకగా చుట్టు తిరిగి బల్ల దగ్గరికి వస్తుంది, వచ్చేసరికి చల్లారుతుంది. కౌంటర్‌ను పక్కకు జరిపితే ఎంత బాగుంటుందో దాబా ఆయనకు వివరించాను. ఆయన ఓపిగ్గా అంతా విని, మీరు తినడం అయిపోయినట్టేనా సార్, వెనక మనుషులు నిలబడున్నారు అన్నాడు. ఎదురుచూపు అనే వృథాకు అక్కడ కారణం నేనే.

సూర్యాపేటలో మా ఇంటి వంటగది గోడ మీద గరిటెలు తగిలించే చోట్లలో మార్కర్‌తో గరిటెల ఆకారాలు గీశాను. ఏ వస్తువు ఎక్కడుండాలో చూడగానే తెలియాలని. మా ఆవిడ వాటిని శ్రద్ధగా చూసింది. మర్నాడు చూస్తే పెద్ద గరిటె ఆకారం మీద నా ఫోన్ ఛార్జర్ వేలాడుతోంది, జల్లిగరిటె ఆకారం మీద నా ఐడీ కార్డు. ఆ తర్వాత నా ప్రతిభను ఇంటి బయటికి పరిమితం చేసుకున్నాను.

సిమెంటు పని మానేసి ఖాళీగా తిరుగుతుంటే మా బావ వాళ్ల సేటుకు నా గురించి చెప్పాడు. సేటంటే మిల్లు యజమాని. తెల్లచొక్కా, తక్కువ మాట. ఉడికిన వడ్ల వాసన నిండిన ఆఫీసు గదిలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, లీన్ అంటే ఏమిటని అడిగాడు. సన్నగా ఉండడం, అక్కర్లేని కొవ్వు లేకపోవడం అన్నాను.

"సన్నమా? మేం ఆడించేది సన్నాలే గద సారూ," అన్నాడు.

ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మిర్యాలగూడలో సన్నాలంటే సన్నబియ్యం, అది తప్ప ఇంకో అర్థం లేదు. నేనూ నవ్వాను, ఉద్యోగం కావాలి కాబట్టి. తర్వాత ఆయన అసలు సంగతికొచ్చాడు. మిల్లులో వేస్టు ఎక్కడుంటుందో తనకు అర్థం కావడం లేదట. ఊక బాయిలర్‌లోకి పోతుంది. తవుడు నూనె ఫ్యాక్టరీవాళ్లు పట్టుకుపోతారు. నూకలు దాణాకు పోతాయి. ఆఖరికి ఊక కాలిన బూడిదను ఇటుక బట్టీవాళ్లు లారీలు పెట్టి తీసుకెళ్తారు.

"బూడిదకు గూడ గిరాకి ఉన్నది నా తాన," అన్నాడు.

అది నిజమే. సరుకు వరకు చూస్తే ఆ మిల్లు జపాన్‌వాళ్లకే పాఠం చెప్పగలదు. వృథా సరుకులో కాదు, టైములో ఉంటుంది అని చెప్పాను. ఆ మాటకు ఆయన కదిలాడు. సీజన్‌లో వడ్ల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడిపోతాయి. రైతులు ఎండలో కూర్చుని మిల్లును తిడతారు, డ్రైవర్లు రైతులను తిడతారు, బస్సులవాళ్లు అందరినీ తిడతారు. ఆ లైను తగ్గించమన్నాడు, ఇంకేం తీసినా తియ్యకపోయినా తనకు ఫరక్ లేదన్నాడు.

మొదటి వారమే పనివాళ్లందరికీ మీటింగు పెట్టాను. బోర్డు మీద పెద్దక్షరాలతో "ఏడు వేస్టులు" అని రాశాను. వ్యర్థం అని రాస్తే బడి పాఠంలా ఉంటుందని, అందరి నోటా ఉన్న మాటే వాడాను. అక్కడే పొరపాటైంది. మా వైపు వేస్టు అనే మాట వస్తువులకు ఎవరూ వాడరు, మనుషులకే వాడతారు. పనికిరానివాణ్ని వేస్టుగాడంటారు, కొంచెం చదువుకున్నవాడైతే వేస్ట్ ఫెలో అంటారు. వెనక వరసలో బస్తాలు మోసే హమాలీల జట్టు కూర్చుంది. వాళ్లలో ఒకాయన బోర్డు కాసేపు చూసి, చెయ్యెత్తాడు.

"మా జట్టుల మేం ఏడుగురమే ఉన్నం సారూ," అన్నాడు.

ఆ రోజు నుంచి మిల్లులో మనుషులకు నంబర్లు వచ్చాయి. గేటు బయట ట్రాక్టర్ మీద నిద్రపోయే డ్రైవర్ రెండో నంబరు. గోదాములో పాత సంచులు పారేయనివ్వని స్టోర్ కీపర్ ఐదో నంబరు. లెక్క తప్పి మళ్లీ రాసే గుమాస్తా ఏడో నంబరు. ఊరికే తిరగడం ఆరోది. అది నేను చదివినప్పుడు అందరూ ఒకేసారి మా బావవైపు తిరిగారు. ఆయన బళ్లో హాజరు పలికినట్టు లేచి నిలబడి, ఆరో నంబరు నాదేనండీ అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

మా బావ పని ఏమిటంటే నడక. గేటు దగ్గర ట్రాక్టర్‌లోంచి గుప్పెడు వడ్లు ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకుంటాడు. వడ్లలో తేమ ఎంతుందో చూసే మిషన్ మిల్లు వెనక, బాయిలర్ దాటాక ఒక గదిలో ఉంటుంది. ఒకప్పుడు గేటు అటువైపే ఉండేదట. రోడ్డు ఇటు పడ్డాక గేటు ఇటు వచ్చింది, గది మాత్రం అక్కడే ఉండిపోయింది. డబ్బా అక్కడికి తీసుకెళ్తాడు. ఆ గదిలో బీయస్సీ చదివిన ఒక అమ్మాయి తేమ చూసి చీటీ రాస్తుంది. ఆ చీటీ పట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకు వెళ్తాడు. అక్కడ రేటు వేస్తారు. ఆ కాగితం పట్టుకుని దిగి కాంటా దగ్గరికి, అంటే బండిని తూచే చోటికి వచ్చి, డ్రైవర్‌ను కేకేస్తాడు. బండి కదులుతుంది. ఆయన మళ్లీ గేటుకు వెళ్తాడు. అంతసేపూ వెనక బండ్లు నిలబడే ఉంటాయి.

ఆ పని చాలా ఏళ్ల నుంచి అలాగే జరుగుతోంది, దాన్ని ఎవరూ పనికిరాని పని అనుకోలేదు. పైగా మా బావకు షుగర్ వచ్చినప్పుడు డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లంతా తెల్లారకముందే బూట్లు వేసుకుని కాలేజీ గ్రౌండు చుట్టూ తిరుగుతుంటారు. వాళ్లను చూసినప్పుడల్లా మా బావకు పరమానందం.

"వాళ్లు బూట్లు కొనుక్కుని నడుస్తున్నారు బామ్మర్దీ. నాకు జీతమిచ్చి నడిపిస్తున్నారు," అనేవాడు. ఈ మాట ఆయన ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. ప్రతిసారీ నవ్వడం బామ్మర్దిగా నా బాధ్యత.

మా పద్ధతిలో ఒక బొమ్మ గీస్తారు. పనిచేసే చోటు పటం వేసి, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచినా పెన్నుతో గీత గీస్తూ పోవడమే. సాయంత్రానికి అది నూడుల్స్ ఉడికించి ప్లేట్లో వేసినట్టు తయారవుతుంది. దానికి స్పగెట్టీ అని ఇటలీవాళ్ల తిండి పేరు పెట్టారు. మిల్లువాళ్లకు అర్థమయ్యేలా నేను సేమియా బొమ్మ అన్నాను. హమాలీలకు నీలం పెన్ను, బాయిలర్ మనుషులకు ఆకుపచ్చ, ఆఫీసువాళ్లకు నలుపు వాడాను. మిగిలింది ఎరుపే, అది మా బావకు దక్కింది.

సాయంత్రానికి నీలం, ఆకుపచ్చ, నలుపు అక్కడక్కడా సేమియాలాగే వచ్చాయి. ఎరుపు మాత్రం సేమియా కాలేదు, రోడ్డైంది. గేటుకూ తేమ గదికీ మధ్య గీసిన చోటే గీసి గీసి కాగితం నాని, చిరిగింది.

మా బావ వచ్చి చూశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. బాగా వచ్చాను కదా అన్నాడు, స్టూడియోలో ఫోటో దిగినవాడిలా. ఫోటో తీసి అక్కకు పంపమన్నాడు. పంపాను. కాసేపటికి అక్క ఫోన్ చేసింది. ఆ బొమ్మ ఏమిటని అడగలేదు. ఎర్రగా ఎందుకు గీశావని మాత్రం అడిగింది. వేరే పెన్ను లేదక్కా అన్నాను. అవతల కొంచెంసేపు మిక్సీ చప్పుడు వినిపించింది, తర్వాత ఫోన్ పెట్టేసింది.

బొమ్మను చుట్టచుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. సేటుకు చూపించలేదు. బ్యాగు పొట్టిది, కాగితం పొడుగుది. అందుకని సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు, మళ్లీ వెనక్కు, రోజూ బస్సులో అది పక్కవాళ్లను పొడుస్తూ నాతో తిరిగింది. ఒకాయన అది ఇంటి ప్లానా అని అడిగాడు. ఒకరకంగా అదేనన్నాను.

ఆ రోజుల్లో నేను మిల్లులో పట్టుకోని పని లేదు. స్టోర్‌లో విరిగిన పనిముట్లు ఏరి బయట వేయించాను. ఖాళీ సంచులకు ఒక మూల కేటాయించాను. నేల మీద పసుపు గీతలు కొట్టించాను, మనుషులు ఎటు నడవాలో, బండ్లు ఎటు పోవాలో. నూనె డబ్బాల మీద పేర్లు రాయించాను. సేటు అన్నీ చూసి మంచిగుంది అన్నాడు. ఇంటికి సున్నం వేయించినప్పుడు అందరూ అనే మాటే అది. గేటు బయట లైను ఒక్క బండి కూడా తగ్గలేదు. తగ్గదని నాకు తెలుసు. దాని కారణం నా బ్యాగులోంచి మూతి బయటపెట్టి చూస్తూనే ఉంది.

నడక ఉంచి లైను తగ్గించే ఉపాయాలు వెతికాను. సైకిల్ ఇస్తామంటే బావ ఒప్పుకోలేదు, సైకిలెక్కితే ఇక నడకెక్కడ, డాక్టరుకేం చెప్పాలన్నాడు. ఇంకో మనిషిని పెట్టి ఇద్దరినీ నడిపిద్దామా అనుకున్నాను. వృథాను రెండింతలు చేయడానికి నన్ను జీతమిచ్చి పెట్టుకున్నారని గుర్తొచ్చి ఆగిపోయాను. భోజనం దగ్గర కూడా కాళ్లు ఊపుతున్నానని మా ఆవిడ నా కంచం కొంచెం దూరం జరిపింది.

సీజన్ ముదిరింది. ట్రాక్టర్ల వరస మలుపు దాటింది. ఒక మధ్యాహ్నం సేటు రైతులతో మాటపడి, చెమటతో నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తోచనప్పుడు మనుషులు చేతికందింది తీసి చూస్తారు. ఆయన చేతికి నా బ్యాగులోని ఆ కాగితం చుట్ట అందింది. విప్పి బల్ల మీద పరిచాడు.

"గీ ఎర్రగీత ఎవలది?" అన్నాడు.

మా బావది అన్నాను. ఆయన వేలితో గేటు దగ్గర నుంచి చిరిగిన చోటిదాకా వెళ్లి, అక్కడి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి కాంటాకు వచ్చాడు. మళ్లీ వెళ్లబోయి ఆగాడు. తేమ మిషన్‌నే గేటు దగ్గరికి తెస్తే ఎట్లుంటదని అడిగాడు. నేను అన్ని వారాలు బ్యాగులో మోసినదాన్ని ఆయన ఒక్క గుక్కలో చెప్పేశాడు. తేవచ్చన్నాను.

"మరి మీ బావ?"

దానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. నిజానికి ఆ జవాబు తయారుచేయడానికే అన్ని రోజులు పట్టింది. గేటు దగ్గర రేకుల షెడ్డు వేసి, బల్ల వేసి, మిషన్ పెడదాం. అమ్మాయి తేమ చూస్తుంది. బావ పక్కన కూర్చుని వడ్లు తీసిస్తాడు, బండి నంబరు రాస్తాడు, రేటు ఆఫీసు నుంచి ఫోన్‌లో వస్తుంది. మనిషి పోడు, నడక పోతుంది. సేటు తలూపాడు. కుర్చీ, ఫ్యాను రెండూ పెట్టిద్దామన్నాడు.

బావకు ఇది ప్రమోషన్ అని చెప్పాను. అక్కకు ఫోన్ చేసి అదే మాట చెప్పాను.

"కూసుంటడా?" అంది.

ఎందుకు కూర్చోడు, ఫ్యాను కూడా పెడుతున్నారన్నాను.

లైను పోయింది. ఈ విషయంలో నేను తగ్గించి చెప్పదలచుకోలేదు. వచ్చిన బండి వచ్చినట్టే లోపలికి పోవడం మొదలైంది. రైతులు వడ్లు దింపి, పొద్దుండగానే ఇళ్లకు వెళ్లిపోయారు. గేటు ఎదురు టీ కొట్టువాడు మాత్రం గిరాకీ పడిపోయి నాతో మాట్లాడడం మానేశాడు. నేను ఖాళీ రోడ్డును ఫోటో తీసి దాచుకున్నాను. పిల్లల ఫోటోలకంటే దాన్నే ఎక్కువమందికి చూపించాను.

మా బావ మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మామూలు ప్లాస్టిక్ కుర్చీ, శాటిన్ గుడ్డ లేదు, వెనక ముడి లేదు. అయినా అంచునే కూర్చున్నాడు. రెండు బండ్లు పోయాక లేచి, బాయిలర్ దగ్గర ఏదో చప్పుడైంది చూసొస్తానన్నాడు. వచ్చి కూర్చుని మళ్లీ లేచాడు. ఆయన లేనప్పుడు బండి వస్తే ఆ అమ్మాయే వడ్లు తీసుకుని, తనే తేమ చూసి, తనే నంబరు రాసేది. ఆమెకు కష్టమేమీ కాలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొన్నాళ్లకు ఆ కుర్చీలో డ్రైవర్లు కూర్చోవడం మొదలుపెట్టారు.

మా బావ మాత్రం నడిచేవాడు. గేటు దగ్గర నుంచి పాత తేమ గది దాకా. ఆ గదిలో ఇప్పుడు ఏమీ లేదు, తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. చేతిలో డబ్బా లేదు, చీటీ లేదు. చేతులు ఊపుకుంటూ వెళ్లి, గది ముందు కాసేపు నిలబడి, తిరిగొచ్చేవాడు. నేను కొట్టించిన పసుపు గీత పక్కనుంచే, చాలా బుద్ధిగా. హమాలీలు ఆయన్ను ఆరో నంబరు అనడం మానేశారు. ఎదురొస్తే "అన్నా" అని పక్కకు తప్పుకునేవాళ్లు. ఆ మర్యాద నాకు ఏమాత్రం నచ్చలేదు.

సీజన్ అయ్యాక సేటు ఆయన్ను పిలిచి కూర్చోబెట్టి టీ ఇప్పించాడట. మళ్లీ సీజన్‌లో కబురు పెడతాను, అప్పటిదాకా ఇంటి దగ్గర జర ఆరాం చెయ్యమన్నాడట. ఎంతో మంచిగా చెప్పాడని బావే నాతో అన్నాడు. నేను సేటును అడిగితే, తాను తీసెయ్యలేదు, నేను కూడా తీసెయ్యలేదు కదా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ట్రైనింగులో చెప్పిందీ అదే. ఈలోగా ఖాళీ రోడ్డు ఫోటో చూసి ఇంకో మిల్లు సేటు నన్ను పిలిచాడు. ఇప్పుడు నాకు రెండు మిల్లులు. బస్సులో సీటున్నా కుదురుగా కూర్చోలేక నిలబడే వెళ్తున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్కవాళ్లింటికి వెళ్లాను. షుగర్ మనిషి ఉన్న ఇల్లని స్వీట్లు కాకుండా జామకాయలు తీసుకెళ్లాను. చిన్న ఇల్లు. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, బయట చిన్న గేటు. అక్క పొయ్యి దగ్గర ఉంది. నేను వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

బావ నడుస్తున్నాడు. గేటు నుంచి హాలుకు, హాలు నుంచి వంటింట్లోకి, మళ్లీ గేటుకు. పక్కింటివాళ్లు మోటారు ఆపడం మర్చిపోయారని వచ్చి చెప్పాడు. కూరగాయల బండి మలుపు తిరిగిందని చెప్పాడు. వచ్చిన ప్రతిసారీ అక్క గిన్నె పట్టుకుని పక్కకు ఒరగాలి, ఆయన నీళ్ల బిందె దాకా వెళ్లి, ఒక గుక్క తాగి వెనక్కి తిరగాలి. ఒరిగి మళ్లీ నిలబడడం ఆమెకు అప్పటికే అలవాటైనట్టుంది, తలెత్తి చూడడం లేదు. డాక్టరు గోళీలు పెంచాడని చెప్పింది.

గ్రౌండుకెళ్లి నడవొచ్చు కదా బావా, బూట్లు నేను కొనిస్తాను అన్నాను.

ఆయన ఆగాడు. ఆగడం చాలా అరుదు కాబట్టి నేనూ కాళ్లు ఊపడం ఆపాను.

"ఏ పనీ లేకుండా ఊరికే ఎట్లా నడుస్తాం బామ్మర్దీ? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు. కూరగాయల బండి ఎంతవరకొచ్చిందో చూడడానికి గేటువైపు వెళ్లిపోయాడు.

అక్క టీ గ్లాసు నా చేతికిచ్చింది. నేను గుమ్మంలోంచి ఆయన్నే చూస్తున్నాను. గేటు, హాలు, వంటిల్లు. నా వేలు స్టూలు పక్కన గోడ మీద దానంతటదే గీతలు గీస్తోందని కాసేపటికి గమనించాను. తీసేసి ఊరుకుంటే బాగుండేది. బిందె హాల్లోకి మారిస్తే బావకు వంటింట్లోకి రావలసిన పని ఉండదు కదక్కా, నీకూ అడ్డం రాడు అన్నాను.

అక్క పొయ్యి ఆపింది. నావైపు తిరిగింది. బయట బావ చెప్పుల చప్పుడు గేటు దగ్గర నుంచి తిరిగి ఇంటివైపే వస్తోంది.

"మిల్లుల వేస్టని తీసినవ్. తెచ్చి నా ఇంట్ల పెట్టినవ్ గద తమ్మీ," అంది.